రైతుకేం ఒరిగిందని ఎవర్ని అడగాలి?

ఈమధ్య మా బంధువుల ఇంట్లో ఒక ఫంక్షన్‌లో భోజనాలయ్యాక మొదలైన వాదన ఇది. మా పిన్ని కూతురు అగ్రికల్చర్ బీఎస్సీ అయిపోయి మొక్కల తెగుళ్ల విభాగంలో ఎమ్మెస్సీ చేస్తోంది. పీహెచ్‌డీ కూడా చేస్తానని, అదీ వరిలో బాక్టీరియా తెగుళ్ల మీదే చేస్తానని అంది. డెల్టాలో మాగాణి చేసే మా పెదనాన్నకి ఆ మాట నచ్చలేదు. "కంటికి కనపడని దాన్ని పట్టుకుని ఐదారేళ్లు కూర్చుంటే రైతుకేం ఒరుగుతుందమ్మా? హాయిగా ఏఓ (వ్యవసాయాధికారి) పోస్టుకి చదువుకోక" అన్నారు. మా చెల్లి కాసేపు ఊరుకుని, "పోయిన సార్వాలో ఎండాకు తెగులుకి ఏం కొట్టారు పెదనాన్నా?" అని అడిగింది. ప్లాంటామైసినూ, దాంతో కలిపి కాపర్ మందూ కొట్టానన్నారు. "తగ్గిందా?" అంది. "తగ్గదమ్మా. కొట్టకపోతే మనసొప్పదు" అన్నారాయన.

పెదనాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. పన్నుల డబ్బుతో నడిచే ల్యాబుల్ని "రైతుకేం ఒరిగింది" అని అడిగే హక్కు అందరికీ ఉంది, రైతుకి మరీ ఉంది. కానీ ఆ ప్రశ్నని మనం ఎప్పుడూ మొదటి మెట్టు మీద నిలబడ్డవాళ్లనే అడుగుతున్నాం, అంటే పరిశోధన మొదలుపెట్టబోయే పిల్లల్ని, ల్యాబులో బాక్టీరియా పెంచుకునేవాళ్లని. నిజానికి జవాబు చెప్పాల్సినవాళ్లు ల్యాబుకీ పొలానికీ మధ్య ఎక్కడో ఉంటారు. వాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. ఇలా అనడానికి నా దగ్గరున్న ఉదాహరణ మన హైదరాబాదుదే. కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీలో చాలా ఏళ్లు పనిచేసిన డాక్టర్ శొంఠి రమేశ్ పరిశోధన గురించి కొంత చదివాను, ఆ పని తెలిసినవాళ్లతో కొంత మాట్లాడాను.

ఆకులో జరిగేది

ముందు తెగులు సంగతి. వరి వేసేవాళ్లకి ఎండాకు తెగులు లక్షణాలు నేను చెప్పక్కర్లేదు. పోయిన సార్వాలో మా చెల్లి పొలంలో నాకు చూపించిన పరీక్ష మాత్రం చెప్తాను, ఎందుకంటే దాని తర్వాత నాకు ఈ తెగులు వేరేగా కనపడింది. పసుపు తిరిగిన ఆకు ఒకటి తుంచి, పచ్చదనం, ఎండుదనం కలిసే చోట కత్తెరతో అడ్డంగా కోసి, ఆ కోసిన కొనని గాజు గ్లాసులో మంచినీళ్లలో ముంచి పట్టుకుంది. మొదట ఏమీ లేదు. కొన్ని నిమిషాలకి కోసిన అంచు నుంచి సన్నటి తెల్లటి దారం లాంటిది కిందకి దిగడం మొదలైంది, పలచటి పాలు నీళ్లలోకి జారుతున్నట్టు. అదంతా బాక్టీరియానే. శాంథోమొనాస్ ఒరైజే. ఆకులో నీళ్లు పారే గొట్టాల నిండా అదే ఉంది.

అది చూశాక పెదనాన్న కొట్టిన మందు ఎందుకు పనిచెయ్యలేదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మందు ఆకు పైన పడుతుంది, బాక్టీరియా లోపల కాలువల్లో ఉంది. అది లోపలికి వెళ్లేది ఆకు అంచుల్లో నీటి చుక్కలు బయటికొచ్చే సన్నటి రంధ్రాల గుండా, లేదంటే తుపాను గాలికి ఆకులు ఒరుసుకుని చిరిగిన చోట్ల నుంచి. అందుకే ఎండటం ఎప్పుడూ అంచు నుంచి, అలలు అలలుగా మొదలవుతుంది. పైగా పసుపు కనపడగానే చాలామంది బలం తగ్గిందనుకుని ఇంకో కట్ట యూరియా చల్లుతారు. నత్రజని ఎక్కువయ్యేకొద్దీ ఈ తెగులు ఉధృతం అవుతుంది కాబట్టి ఆ కట్ట వెళ్లేది బాక్టీరియా ఖాతాలోకి. పొలంలో నీళ్లు తీసెయ్యడం, నత్రజని ఆపడం, ఇంతకు మించి పెద్దగా చెయ్యగలిగింది లేదు. ఒకసారి వచ్చాక గట్టిగా నయం చేసే మందంటూ లేదు.

ప్లాంటామైసిన్ లాంటి పొడుల్లో ఉండేది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. మనుషులకి వాడే యాంటీబయాటిక్సే ఇవి. స్ట్రెప్టోమైసిన్ అయితే క్షయకి ఇచ్చిన మందు. ఈ మిశ్రమాన్ని వ్యవసాయంలో నిషేధించడానికి 2021 డిసెంబరులో కేంద్రం ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది కూడా. తెగులు తగ్గించని, మనిషి మందుల్ని మాత్రం మొద్దుబార్చే ప్రమాదం ఉన్న పొడిని "కొట్టకపోతే మనసొప్పదు" అని కొడుతున్నాం. దీన్ని రైతు తప్పుగా నేను చూడను. చేతిలో ఇంకో దారి లేనప్పుడు ఎవరైనా చేసేది అదే. ఆ ఇంకో దారి వెతకడం ఎవరి పని అంటే, పెదనాన్న వద్దంటున్న పనే.

సాల్మొనెల్లా నుంచి వరి దాకా

శొంఠి రమేశ్ వరి శాస్త్రవేత్తగా మొదలుకాలేదు. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో జాన్ రోత్ దగ్గర పీహెచ్‌డీ చేసింది సాల్మొనెల్లా బాక్టీరియా మీద, ఆహారం కరువైనప్పుడు అది తన జన్యువుల్ని రెట్టించుకుని ఎలా బతుకుతుందన్న విషయం మీద. 1989లో ఆ పేపరు వచ్చింది. తర్వాత ఎంఐటీలో ఆగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియా తన డీఎన్‌ఏ ముక్కని మొక్క కణంలోకి ఎలా దూర్చుతుందో చూశారు, అదీ అరాబిడాప్సిస్ అనే ఒక చిన్న కలుపు మొక్కలో. ఆ రోజుల్లో ఆయన్ని పట్టుకుని "రైతుకేం ఒరుగుతుంది" అని అడిగి ఉంటే నిజాయతీగా ఏం చెప్పగలరు? తిండి గింజ పండించే పంట పేరు ఒక్కటీ లేదు ఆ పనిలో. కానీ బాక్టీరియాలో ఒక్కో జన్యువుని చెడగొట్టి, ఏది పోతే ఏ పని ఆగుతుందో చూసే చెయ్యి అక్కడే తిరిగింది.

హైదరాబాదు వచ్చి సీసీఎంబీలో వరి ఎండాకు బాక్టీరియాని పట్టుకున్నాక ఆ చెయ్యే పనికొచ్చింది. ఆయన ల్యాబు అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఏంటంటే, ఈ బాక్టీరియా లోపలికి వచ్చి మొక్క గోడల్ని కరిగించే ఎంజైములు వదులుతుంది కదా, మరి మొక్కకి ఆ సంగతి తెలీదా? తెలుస్తుందని తేలింది. గోడ దెబ్బతింటే మొక్క పసిగట్టి రక్షణ మొదలుపెడుతుంది. బాక్టీరియా నుంచి లైపేస్ లాంటి ఎంజైముని శుద్ధి చేసి, దాన్ని ఒక్కదాన్నే వరి ఆకులోకి ఎక్కిస్తే, ఆ ఆకు తర్వాత వచ్చే బాక్టీరియాని తట్టుకునేలా తయారవుతుంది. అంటే దొంగ గోడకి కన్నం వేస్తుంటే ఇంటివాళ్లు లేస్తున్నారు. మరి అయినా తెగులు ఎలా వస్తోంది? ఎందుకంటే బాక్టీరియా దగ్గర ఇంకో యంత్రాంగం ఉంది, సూదితో పొడిచినట్టు మొక్క కణంలోకి కొన్ని ప్రొటీన్లు ఎక్కించి ఆ రక్షణని అణిచేస్తుంది. ఈ రెండో యంత్రాంగాన్ని చెడగొట్టిన బాక్టీరియాని వదిలితే మొక్క గెలుస్తుంది. 2007లో ఆయన బృందం ప్రచురించిన పని ఇదే. 2009లో, సీసీఎంబీలోనే ఉన్న రాజన్ శంకరనారాయణన్ బృందంతో కలిసి ఆ లైపేస్ అణువు ఆకారాన్ని కూడా బయటపెట్టారు.

ఇలాంటి పని రోజువారీగా ఎలా ఉంటుందో తెలిస్తే పెదనాన్నకి కొంచెం నచ్చుతుందేమో. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచడం, వరి ఆకు కొన కత్తిరించడం, మళ్లీ ముంచడం, ఇంకో ఆకు. రెండు వారాల తర్వాత స్కేలు పట్టుకుని ఆకు కొన నుంచి ఎంత మేర ఎండిందో సెంటీమీటర్లలో కొలిచి రాసుకోవడం. వేల ఆకులు. గొప్ప పరికరాలు, జీనోములు అన్నీ ఉన్నాయి గానీ, ఈ తెగులు మీద ప్రపంచంలో ఏ ల్యాబు ఏ మాట చెప్పినా చివరికి ఆ కత్తెరా స్కేలే సాక్ష్యం.

సాంబ మసూరికి మూడు జన్యువులు

ఇక విత్తనం కథ. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి అన్నం. గింజ సన్నం, వండితే పొడిపొడి, మిల్లులో రేటు. ఎండాకు తెగులుకి మాత్రం బాగా లొంగుతుంది. సీసీఎంబీలో రమేశ్ బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో ఆర్.ఎం. సుందరం, ఆయన తోటివాళ్లు కలిసి దీంట్లోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చారు: ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21. ఆ రకం 2008లో విడుదలైంది, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని.

ఇది జీఎం విత్తనం కాదు, అంటే ల్యాబులో జన్యువు చొప్పించి చేసింది కాదు. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా "జన్యువు" అనగానే అలా అనేసుకుంటారు. ఇది మామూలు సంకరమే. పంజాబ్‌లో తయారైన నిరోధక వరితో సాంబ మసూరిని కలిపి, వచ్చిన పిల్లల్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ వెళ్లారు. కష్టం ఎక్కడంటే, ఎక్స్ఏ5 గానీ ఎక్స్ఏ13 గానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే తప్ప పనిచెయ్యని రకం. ఒక్క ప్రతి ఉన్న మొక్క తెగులుకి లొంగే మొక్కలాగే కనిపిస్తుంది. ఇటు ఎక్స్ఏ21 ఉన్న మొక్క ఎలాగూ తట్టుకుంటుంది, దాని చాటున మిగతా రెండూ ఉన్నాయో లేవో కత్తెర పరీక్ష చెప్పలేదు. అందుకే ప్రతి తరంలో చిన్న ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ గుర్తులతో చూడాలి. అది తెలిసిన చేతులు సీసీఎంబీలో ఉన్నాయి, వరి తెలిసిన చేతులు రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు సంస్థలు, అదీ రెండు వేర్వేరు ప్రభుత్వ వ్యవస్థల కింద ఉన్నవి, కలిసి ఇన్నేళ్లు ఒక పని చెయ్యడం మన దగ్గర చిన్న సంగతేం కాదు.

ఇక్కడ ఎవరైనా అనొచ్చు: చూశావా, ఆయన్ని కూడా నువ్వు విత్తనం చూపించే పొగుడుతున్నావు, అంటే మీ పెదనాన్న కొలబద్దే కరెక్టు కదా అని. నేనూ దీని గురించి చాలా ఆలోచించాను. ఎక్స్ఏ21 ఎలా వచ్చిందో చూడండి. ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన అడవి వరి, ఒరైజా లాంజిస్టామినాటా. దానికి ఈ తెగులు అంటదని కటక్ వరి పరిశోధన సంస్థలో గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రిలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చి, 1990లో కొత్త జన్యువుగా ప్రకటించింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువుని విడదీసి పట్టుకుంది. ఆ తర్వాత ఇర్రి, లుధియానా, హైదరాబాదు. కటక్‌లో అడవి గడ్డి లాంటి మొక్కల్ని వరసగా పెట్టి తెగులు ఎక్కించి చూసినవాళ్ల పేర్లు మనకి తెలియవు. వాళ్ల పేరు మీద విత్తనం లేదు. పెదనాన్న కొలబద్ద ప్రకారం వాళ్లు చేసింది సున్నా. అలాంటి సున్నాలు లేకపోతే 2008లో విత్తనమే లేదు.

కానీ దీనికి ఎదురుమాట కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ఎక్స్ఏ13 ఎందుకు పనిచేస్తుందో విత్తనం విడుదలయ్యేనాటికి పూర్తిగా తెలీదు. బాక్టీరియా ఎక్కించే ఒక ప్రొటీను మొక్కలో చక్కెరని కణం బయటికి పంపే జన్యువుని బలవంతంగా ఆన్ చేస్తుందని, ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో ఆ స్విచ్ దానికి దొరకదని స్పష్టమైంది 2010 ప్రాంతంలో. అంటే అర్థం కాకుండానే వాడుకున్నాం, బాగానే పనిచేసింది. మరి అర్థం చేసుకోవడానికి అంత ఖర్చెందుకు అనొచ్చు. నా జవాబు: ఆ అర్థం నుంచే ఇంకో దారి వచ్చింది. 2019లో కొన్ని దేశాల బృందాలు కలిసి, బాక్టీరియా వాడుకునే చక్కెర జన్యువులు మూడింటికీ ఆ స్విచ్‌లని ఒకేసారి మార్చి, రకరకాల బాక్టీరియాని తట్టుకునే వరిని చూపించాయి. ముందు విత్తనమా ముందు జ్ఞానమా అని వరస పెట్టడం కుదరదు. రెండూ ఒకే మనుషుల చేతుల్లో, ఒకే కాలంలో సాగాలి, అప్పుడే ఒకటి రెండోదానికి అందుతుంది. రమేశ్ కెరీరులో నాకు నచ్చింది అదే. గోడలు కరిగే సంగతి చూస్తూనే సాంబ మసూరి మీద కూర్చున్నారు. తర్వాత ఢిల్లీలో జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా వెళ్లారు, ఆ తర్వాత ఐసీజీఈబీ అనే అంతర్జాతీయ బయోటెక్నాలజీ పరిశోధన సంస్థకి. ఆ పదవుల మాట ఎలా ఉన్నా, మూడేళ్ల ప్రాజెక్టుల లెక్కలో ఈ రెండు పనులూ పక్కపక్కన ఇంతకాలం నడిచేవి కావు.

ఇంకో సంగతి. బాక్టీరియా ఊరికే కూర్చోదు. ఎక్స్ఏ4 అనే ఒక్క జన్యువుని నమ్ముకుని ఇర్రి రకాలు విస్తారంగా వేసిన ఫిలిప్పీన్స్‌లో 1970ల్లోనే దాన్ని దాటే బాక్టీరియా వచ్చేసింది. మూడు కలిపి పెట్టింది అందుకే, మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం. కష్టమే గానీ, ఎప్పటికీ జరగదని కాదు. ప్రతి సీజనులో జిల్లా జిల్లా తిరిగి ఎండిన ఆకులు తెచ్చి, ఒక్కో నిరోధక జన్యువు విడివిడిగా ఉన్న వరి మొక్కల మీద కత్తెరతో ఎక్కించి, ఏది ఇంకా నిలబడుతోంది, ఏది జారుతోంది అని పట్టిక వేస్తూ ఉండాలి. కొత్త రకం వచ్చినట్టు పేపర్లో పడే వార్త కాదు ఇది. ఇది ఆపేస్తే నష్టం తెలిసేసరికి పైరు చిరుపొట్ట మీద ఉంటుంది.

పొలం దాకా వచ్చేసరికి

మరి 2008లో వచ్చిన విత్తనం పెదనాన్న పొలంలో ఎందుకు లేదు?

ఆయన్నే అడిగాను. మొదట పేరే వినలేదన్నారు. తర్వాత మా చెల్లి వివరంగా చెప్తే, ఆయన వేసిన ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి. "ఎండాకు రాని ఏడు నాకు బస్తాలు ఎక్కువొస్తాయా?" రావు, మామూలు బీపీటీ అంతే. "అగ్గితెగులు?" ఇది అందుకు చేసిన రకం కాదు. "సుడిదోమ?" దానికీ కాదు. "పడిపోదా?" ఆ విషయంలో తల్లి ఎలాగో ఇదీ అంతే. "మరి మిల్లరు కొత్త పేరు చెప్తే రేటు కొయ్యడా?" దీనికి మా ఇద్దరి దగ్గరా వెంటనే జవాబు లేకపోయింది.

ఈ ప్రశ్నల్ని తేలిగ్గా తీసుకోకూడదు. తెగులు రానప్పుడు నిరోధక రకం లాభం కనపడదు. వచ్చిన ఏడు పక్క చేను ఎండి మన చేను పచ్చగా ఉంటే తప్ప నమ్మకం కుదరదు, అలాంటి ఏడు ఎప్పుడొస్తుందో తుపానుకే తెలియాలి. ఇందులో ఇంకో విచిత్రం, ఈ రకానికి కొంచెం గిరాకీ తెచ్చింది తెగులు నిరోధం కాదు, గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, తక్కువుంటే మంచిది. పరీక్షల్లో అది 51 దగ్గర వచ్చిందని ప్రచారం అయ్యాక షుగరు ఉన్నవాళ్లు బియ్యం అడగడం మొదలుపెట్టారు. ఎవరూ దానికోసం మొదలుపెట్టలేదు. మంచిదే, ఏ దారిన వచ్చినా పొలానికి వస్తే చాలు. కానీ తెగులు కోసం ఇంతమంది ఇన్నేళ్లు పెట్టిన శ్రమ రైతుకి చేరడానికి షుగరు పేషెంట్ల దయ మీద ఆధారపడాలా?

మా ఊరి దగ్గరి టౌనులో ఒక కొట్లో నేను ఈ విత్తనం అడిగాను. లేదన్నారు, ఎప్పుడొస్తుందో తెలీదన్నారు, పక్కనే ఉన్న అలమరలో ప్లాంటామైసిన్ పొట్లాలు మాత్రం వరసగా ఉన్నాయి. కొట్టువాణ్ణి తప్పుపట్టి లాభం లేదు, అడిగేవాళ్లు లేని విత్తనం ఆయనెందుకు పెట్టుకుంటాడు. నా కోపం దానికి పైనున్న ఏర్పాటు మీద. బీపీటీ 5204 మూల విత్తనం పెంచి సబ్సిడీ మీద ఇస్తున్నప్పుడల్లా, అదే గింజ, అదే వంట, ఎండాకుని తట్టుకునే రకాన్ని దాని స్థానంలో పెంచి ఇవ్వొచ్చు కదా? రైతు కొత్తగా ఏదీ ఎంచుకోనక్కర్లేదు, సాగు పద్ధతి మార్చుకోనక్కర్లేదు. కోతకి కూడా వారం పది రోజుల ముందే వస్తుంది, చివరి తడి దొరకని కాలవ కింద అదే పెద్ద లాభం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. రైతుకి చెప్పకుండా రకం మార్చడం సరికాదని, ఊళ్లకి ఊళ్లు ఒకటే రకం వేస్తే ఇంకో తెగులుకి అదే తలుపు అవుతుందని. మొదటిదానికి చెప్పి ఇవ్వడమే జవాబు, బస్తా మీద పెద్ద అక్షరాల్లో రాసి. రెండోది నిజమైన భయమే, కానీ మనం ఇప్పటికే ఊళ్లకి ఊళ్లు బీపీటీ వేస్తున్నాం, ఒక్క ఎండాకు తెగులుకైనా తలుపు మూసిన బీపీటీ వేస్తే ఆ భయం ఇప్పుడున్నదానికంటే పెరగదు. అగ్గితెగులుకీ దోమకీ తట్టుకునే జన్యువుల్ని ఇదే పద్ధతిలో దీంట్లోకి తెచ్చే పని ఎలాగూ సాగుతోంది, అది పూర్తయ్యేదాకా ఇది ఆపాలనడంలో నాకు అర్థం కనపడలేదు.

మిల్లరు రేటు విషయం మాత్రం పెదనాన్నే తేల్చారు. వచ్చే సార్వాకి రాజేంద్రనగర్ నుంచి విత్తనం తెప్పిస్తే ఒక ఎకరంలో వేస్తానని, వడ్లు తోలేముందు శాంపిల్ పట్టుకెళ్లి బీపీటీ పక్కన పోసి చూపిస్తానని అన్నారు. గింజలో తేడా పట్టుకోగలిగితే రేటు తగ్గించమంటారట. మా చెల్లి అదే పొలంలో ఆ ఎకరం పక్కన మామూలు బీపీటీ కూడా కొంచెం వెయ్యమని అడిగింది, కత్తెర పట్టుకొస్తానని. నారు పోసేది జూన్‌లో, కాబట్టి విత్తనం కోసం ఇప్పటినుంచే ఫోన్లు మొదలుపెట్టాం. దొరికే చోటు తెలిసినవాళ్లు ఇక్కడ చెప్తే మిగతావాళ్లకీ పనికొస్తుంది.